ముప్పై రోజుల మంచం

నువ్వుల నూనెలో అల్లం వేగుతున్న వాసన తగిలితే చాలు, బీయున్ దుప్పటి ముక్కు మీదికి లాక్కునేది. అదేమీ చెడ్డ వాసన కాదు. షెతౌ ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా వీధంతా అదే వాసన. దారిన పోయేవాళ్ళు ముక్కు ఎగబీల్చి, "ఓహో, వీళ్ళింట్లో పురుడొచ్చిందే" అని నవ్వుకుంటూ పోతారు. కానీ కిటికీ సందులకి పాత పేపర్లు అంటించిన గదిలో, తల మీద ఉన్ని టోపీ, టోపీ కింద ఆరు రోజుల జిడ్డు జుట్టు, నడుము చుట్టూ ఊపిరాడకుండా బిగించిన గుడ్డ, వెల్లకిలా పడక, మూడు పూటలా ఆ వాసనే అంటే ఎంతటివాళ్ళకైనా రోత పుడుతుంది.

"తాగు. చల్లారితే నీచు వాసనొస్తుంది," అంది అత్తగారు అగ్వే, గిన్నె మంచం పక్కన పెట్టి.

"ఇప్పుడు మాత్రం రావడం లేదా అత్తయ్యా?"

"నోరు మూసుకుని తాగు. మొదటి వారం కార్జం, రెండో వారం కిడ్నీలు, మూడో వారం నుంచి కోడి. మా అత్త నాకు ఇందులో పావు వంతు పెట్టినా ఈపాటికి నేను బస్తాలు మోసేదాన్ని."

నల్లటి నూనె తెట్టు కట్టిన ఆ పులుసులో పంది కార్జం ముక్కలు తేలుతున్నాయి. మంచినీళ్ళు అడిగితే ఇవ్వరు. మరిగించి మరిగించి మత్తు చంపేసిన బియ్యం సారాయే నీళ్ళు. బీయున్ మోచేతి మీద లేవబోయింది. లేవలేకపోయింది. నడుము నుంచి మెడ దాకా ఎవరో చెక్క బిగించినట్టు ఉంది. అత్తగారు అది చూసి తృప్తిగా తలూపింది.

"చూశావా, నడుములో దూరిన గాలి బయటికొస్తోంది. అందుకే బిగుస్తోంది. కదలకు."

ఆ మాటకి బీయున్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈ జన్మలో ఆమె చెవిన పడ్డ మాటల్లో అన్నిటికంటే అసహ్యమైనది 'కదలకు' అన్న మాట.

బీయున్‌కి ముప్పై మూడేళ్ళు. మేజోళ్ళ ఊరికి కోడలు. షెతౌలో ముందు గదిలో మంచం ఉన్న ఇల్లు తక్కువ, మేజోళ్ళ మిషన్లు ఉన్న ఇల్లు ఎక్కువ. ఆమె మొగుడు కున్‌మావ్ అల్లే మిషన్లు చూసుకుంటాడు. మిషన్లోంచి వచ్చిన మేజోడుకి వేళ్ళ దగ్గర నోరు తెరిచి ఉంటుంది, ఆ నోరు కుట్టడం బీయున్ పని. పని చేతిలో చూపించేది. ఆమె కూర్చుంటే పక్కవాళ్ళు మాట్లాడుకోవడం మానేసి కుట్టుకోవలసిందే, లేకపోతే వెనకబడిపోతారు. నోరు కూడా చేతికి తగ్గట్టే చురుకు.

నడుము నొప్పి పెళ్ళికి ముందే, ఇరవై రెండో ఏట మొదలయ్యింది. తెల్లవారుజామున పిరుదుల లోపల ఎక్కడో లోతుగా పట్టేసి నిద్ర లేపేది. లేచి వాకిట్లో నాలుగుసార్లు తిరిగితే తగ్గేది. 'పడుచుపిల్లవి, నీకేం నొప్పే' అని అందరూ నవ్వారు కనక ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. పెళ్ళయి పెద్దపిల్ల యీషాన్ పుట్టాక మాత్రం నవ్వి ఊరుకునే స్థితి దాటిపోయింది. పొద్దున మంచం దిగడానికి అరగంట పట్టేది. ముందు పక్కకి దొర్లి, కాళ్ళు కిందికి జార్చి, చేతులతో గోడ పట్టుకుని లేచేది. మొహం కడుక్కోవడానికి వంగలేక గిన్నెడు నీళ్ళు మొహాన కొట్టుకునేది. తొమ్మిది దాటేసరికి కొంచెం వదిలేది. పదింటికి మిషను ముందు మామూలు మనిషి అయిపోయేది.

అదే ఆమె కొంప ముంచింది. రోజంతా మూలిగితే రోగం అని నమ్మేవాళ్ళు. పొద్దున కుంటి, మధ్యాహ్నం జింక అంటే ఎవరు నమ్ముతారు?

"పొద్దున వంటింటి పనప్పుడు నడుం పట్టేస్తుంది. సాయంత్రం సంతకి పోదామంటే ముందు తనే చెప్పులేసుకుంటుంది. ఎంచక్కటి రోగం! నాకూ ఉంటే బాగుణ్ణు," అనేది అగ్వే, ఎదురింటి అషున్ పిన్నితో, బీయున్‌కి వినబడేలాగా.

నిజానికి ఒక డాక్టరు తేల్చి చెప్పాడు. యీషాన్‌కి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. జాంగ్‌హ్వా పట్నంలో ఆసుపత్రిలో రక్తం తీసి, ఫోటోలు తీసి, వంగమని, తిరగమని, గోడకి వీపు ఆనించి తల వెనక్కి ఆనించమని కొలతలు తీసి, కూర్చోబెట్టి చెప్పాడు. ఇది వెన్నులో వాపు జబ్బు. ఎముకకీ ఎముకకీ మధ్య వాచి వాచి, ఏళ్ళ మీద అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అతుక్కున్నదాన్ని విడదీసే మందు తన దగ్గర లేదు. మాత్రలు వాపు తగ్గిస్తాయి, మిగతా సగం రోగి చేతిలోనే ఉంది. "ఈ జబ్బుకి పడక శత్రువమ్మా. రోజూ నడవాలి, ఈదాలి, మెడ తిప్పాలి, నడుం తిప్పాలి. నొప్పిగా ఉందని పడుకున్నారా, పడుకున్నట్టే ఉండిపోతారు," అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్తే అగ్వే ముక్కు మీద వేలేసుకుంది.

"జబ్బు చేసినదాన్ని పరిగెత్తమన్నాడా? వాడేం డాక్టరే? గుర్రాల డాక్టరా?"

అగ్వే దగ్గర అంతకంటే పాత తీర్పు ఉంది. యీషాన్ పుట్టిన పన్నెండో రోజున ఉక్క భరించలేక బీయున్ దొంగతనంగా తల రుద్దుకుంది. అత్తగారికి తడి తువ్వాలు దొరికింది. అంతే, కేసు అక్కడే ముగిసింది. పచ్చి బాలింత తల తడిపింది, తెరుచుకున్న కీళ్ళలోంచి గాలి దూరింది, నడుములో కూర్చుంది. ఇరవై రెండో ఏట నుంచీ నొప్పి ఉంది మొర్రో అంటే వినేవాళ్ళేరీ? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అషున్ పిన్ని ఊ కొట్టింది, మందుల దుకాణం ముసలాయన ఊ కొట్టాడు, ఆఖరికి బీయున్ సొంత తల్లి కూడా, పోయే ముందు, మంచంలోంచి అదే మాట అంది. పురిట్లో పట్టిన రోగం పురిట్లోనే వదలాలి. అంటే ఇంకో బిడ్డని కనాలి, ఈసారి సరిగ్గా నెల పట్టాలి, అంటే ముప్పై రోజులూ నియమం తప్పకుండా పడుకోవాలి, అప్పుడు తెరుచుకున్న కీళ్ళలోంచి పాత గాలి బయటికి పోతుంది.

ఏడేళ్ళు ఈ మాట విన్నది బీయున్. విన్న ప్రతిసారీ చీదరించుకుంది. కానీ ఆ ఏడేళ్ళలో ఒక్క తెల్లవారుజామునైనా, గోడ పట్టుకుని లేస్తున్నప్పుడు, 'ఏమో, నిజమేనేమో' అనుకోలేదా? అనుకుంది. రెండోసారి కడుపుతో ఉందని తెలిసిన రోజున, "సరే అత్తయ్యా, ఈసారి మీరు చెప్పినట్టే పడుకుంటాను," అని తన నోటితో తనే అంది. నొప్పితో విసిగిపోయిన మనిషి గడ్డిపోచకైనా దండం పెడుతుంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఆమెకి తన మీదే ఉమ్మెయ్యాలనిపించేది.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ డాక్టరు మాత్రలు ఆపించాడు. కాన్పయ్యాక వస్తే, బిడ్డకి పాలిస్తూ ఏం వేసుకోవచ్చో చూసి చెప్తానన్నాడు. కాన్పయ్యాక గడప దాటనిస్తే కదా! పిల్లవాడు చలికాలం నడిమధ్యలో పుట్టాడు. చలి, వాన తుంపర, తలుపుకి అడ్డంగా దుప్పటి. మాత్ర లేదు. ఇక మిగిలింది కదలడం ఒక్కటే. దానికి కాపలాగా అగ్వే తలుపు దగ్గర వెదురు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో మేజోళ్ళ మూట పెట్టుకుని, ఒక్కొక్కటే తిరగేసి మడత పెడుతూ, మధ్య మధ్య కళ్ళజోడు పైనుంచి మంచం వైపు చూసేది.

"కాళ్ళాడించకు."

"దురదగా ఉంది."

"దురద కూడా గాలే."

తొమ్మిదో రోజుకి బీయున్ తల పక్కకి తిప్పలేకపోయింది. పిల్లవాణ్ణి ఎడం పక్కన పడుకోబెడితే వాడి మొహం చూడటానికి ఒళ్ళంతా చెక్కమొద్దులా దొర్లించుకోవాల్సి వచ్చింది. దగ్గితే పక్కటెముకలు కలుక్కుమనేవి. గట్టిగా ఊపిరి పీల్చుకుందామంటే ఛాతీ సాగేది కాదు. డాక్టరు అన్న మాట పగలూ రాత్రీ చెవిలో మోగేది. అతుక్కున్నది విడదీయలేం. ఇవాళ ఈ మెడ ఎంత బిగుసుకుందో అందులో ఎంత తిరిగి వస్తుంది, ఎంత రాదు? ముప్పై రోజులయ్యాక వీళ్ళు తనని లేపి నిలబెడితే, బిడ్డని ఎత్తుకునే నడుము మిగిలి ఉంటుందా? ఆమెకి వేరే భయం ఏదీ లేదు. తన బిడ్డని తను వంగి ఎత్తుకోగలగాలి. అంతే అడుగుతోంది ఆమె, ఏనుగుల్నీ గుర్రాల్నీ కాదు.

చూడటానికి వచ్చినవాళ్ళు ఒకరా ఇద్దరా! బూట్లు విప్పి, చేతులు వెచ్చచేసుకుని, పిల్లవాడి ముక్కు పొగిడి, తర్వాత బీయున్ జుట్టు మెచ్చుకునేవాళ్ళు.

"అబ్బ, ఎంత జిడ్డుగా ఉందో! బాగా పడుతున్నావమ్మా నెల," అంది అషున్ పిన్ని, చెయ్యేసి చూసి మరీ.

"కంపు కొడుతోంది పిన్నీ."

"కొట్టాలి. ఆ కంపే మందు."

ఛీ! తన తల తనకే పాత నూనె డబ్బాలా వాసన వేస్తుంటే, వాళ్ళు దాన్ని పట్టుకుని పండగ చేసుకుంటున్నారు. మొగుడికి చెప్పి చూసింది. కున్‌మావ్ మంచివాడే. మంచివాడంటే ఎవరితోనూ గొడవ పడనివాడని ఆ ఊళ్ళో అర్థం.

"డాక్టరు ఏమన్నాడో నువ్వూ విన్నావు కదా కున్‌మావ్. పక్కనే ఉన్నావు. నేను బిగుసుకుపోతున్నాను."

"విన్నాను. కానీ అమ్మ కూడా నీ మంచికే కదా చెప్తోంది. ముప్పై రోజులే కదా బీయున్, పడుకోడమేగా, రాళ్ళు కొట్టమన్నారా?"

"రాళ్ళు కొడతాను. కొట్టించు. పోయి అడుగు."

అతను తల గోక్కుని మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. మిషన్ల చప్పుడులో ఎవరి మాటా వినబడదు, అక్కడ అతనికి హాయి.

పదిహేడో రోజు పొద్దున, ఆరు దాటిన వేళ. అగ్వే వంటింట్లో కోడిని నరుకుతోంది. కత్తి దెబ్బలు వినబడుతున్నాయి. మంచానికి రెండడుగుల దూరంలో ఉయ్యాల తొట్టిలో పిల్లవాడు చిన్నగా దగ్గాడు. తర్వాత ఒక గురగుర. తర్వాత ఏమీ లేదు.

ఆ 'ఏమీ లేదు' బీయున్ విన్నది. తాగిన పాలు వాడి గొంతులోకి వచ్చి అడ్డం పడ్డాయి. ఆమెకి తెలుస్తోంది. లేవాలి. ఆ సమయానికి ఆమె ఒళ్ళు ఎలా ఉంటుందంటే, రాత్రంతా పడి ఉన్న ఒళ్ళు, పదిహేడు రోజులుగా పడి ఉన్న ఒళ్ళు, మెడ నుంచి తోక ఎముక దాకా ఒకటే ముక్క. "అత్తయ్యా!" అని అరిచింది. ఛాతీ సాగక గొంతు పీలగా వచ్చింది. కత్తి దెబ్బలు ఆగలేదు. పక్కకి దొర్లింది. కాళ్ళు జార్చే వ్యవధి లేదు. దొర్లుతూ దొర్లుతూనే మంచం మీంచి దభీమని నేల మీద పడింది. మోకాళ్ళ మీద, మోచేతుల మీద పాకి, తొట్టి అంచు పట్టుకుని తనని తాను పైకి లాక్కుంది. వంగి ఎత్తలేక తొట్టినే తన మీదికి వంచేసుకుంది. పిల్లవాడు దుప్పటితో సహా ఆమె ఒళ్ళో పడ్డాడు. మొహం నీలంగా ఉంది. బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. ఒకటి, రెండు, మూడు. ముక్కులోంచి, నోట్లోంచి పాలు ఆమె మోకాలి మీద పడ్డాయి. తర్వాత వాడు ఊరంతా లేచేలా ఏడ్చాడు.

ఏడుపు విని అగ్వే వచ్చింది, చేతిలో కత్తి అలాగే ఉంది. దుప్పటి తెర పక్కకి తోసి చూసింది. వట్టి నేల మీద కోడలు, బోర్లా పడ్డ తొట్టి, పాలు, ఏడుస్తున్న మనవడు.

"అయ్యో అయ్యో, నేల మీద కూర్చున్నావా!" అంది. "చలి లోపలికెక్కిపోతుందే! పదిహేడు రోజుల కష్టం నేలపాలు చేశావు కదే!"

బీయున్ ఆమె మొహం చూసింది. ఆ మొహంలో దుర్మార్గం లేదు. నిజమైన బాధ ఉంది. అదే ఆమెకి ఎక్కువ రోత కలిగించింది. దుర్మార్గం అయితే తిట్టి తరిమెయ్యొచ్చు, ఇంత ప్రేమగా చంపేవాళ్ళని ఏం చేస్తాం?

"అత్తయ్యా, వీణ్ణి పట్టుకోండి," అంది.

"ఎక్కడికి?"

"స్నానానికి."

అగ్వే కత్తి పారేసి గుమ్మానికి అడ్డం నిలబడింది. "నా శవం మీద నుంచి నడిచి పో."

"నడుస్తాను అత్తయ్యా. ఎలా నడుస్తానో తెలీదు, పాక్కుంటూ అయినా పోతాను. మీ మనవడు ఇందాక ఊపిరి ఆపేశాడు. రెండడుగుల దూరం పోడానికి నాకు ఎంత సేపు పట్టిందో తెలుసా? ఇంకొక్క నిమిషం పట్టి ఉంటే ఇవాళ కోడి కూర ఎవరికి పెట్టేవారు?"

అగ్వే వంగి మనవణ్ణి అందుకుంది. పక్కకి తప్పుకుంది.

వేడినీళ్ళు వీపు మీద పడుతుంటే బీయున్ గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బాలింత ఏడవకూడదని ఇంకో నియమం ఉంది, అదీ ఆ రోజే పోయింది. జుట్టు మూడుసార్లు రుద్దింది. గుడ్డ విప్పి పారేసింది. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే మేజోళ్ళ మిషన్ల మధ్య సందులో నడవడం మొదలుపెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకి పద్దెనిమిది అడుగులు. మొదటి రోజు గోడ పట్టుకుని నాలుగు తిరుగుళ్ళు, వారానికి నలభై. పనివాళ్ళు తలలు వంచుకుని కుట్టుకునేవాళ్ళు. బాలింత నడుస్తుంటే చూడటం వాళ్ళకి దిసమొలతో నడిచినంత సిగ్గుగా ఉండేది.

అగ్వే మాట్లాడటం మానేసింది. వంట మాత్రం మానలేదు. మూడు పూటలా గిన్నె తెచ్చి, చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టి, మొహం తిప్పుకుని పోయేది. బీయున్ కోడి ముక్కలు తిని నూనె వదిలేసేది. కొంత వదిలింది నడుము. కున్‌మావ్ తల్లిని అడగకుండా, స్కూటరు వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అది అతను జీవితంలో చేసిన మొదటి తిరుగుబాటు. డాక్టరు మళ్ళీ గోడకి నిలబెట్టి కొలిచాడు. తలకీ గోడకీ మధ్య ఇదివరకు రెండు వేళ్ళ సందు ఉండేది, ఇప్పుడు నాలుగు.

"కొంత తిరిగొస్తుంది. కష్టపడండి," అన్నాడు. మొత్తం వస్తుందని అనలేదు.

నెల నిండిన రోజు వీధిలో టార్పాలిన్ కింద పన్నెండు బల్లలు వేశారు. ఎర్రరంగు వేసిన గుడ్లు, నూనెన్నం, కోడి. అషున్ పిన్నితో సహా వీధంతా వచ్చింది. ముఖ్యమైన బల్ల దగ్గర పెద్ద కుర్చీ మేనమామది. ఆకాశంలో దేవుడు, నేల మీద మేనమామ అంటారు అక్కడ. ఆయన చాప్‌స్టిక్స్ ఎత్తితే గానీ మిగతావాళ్ళు ముద్ద ముట్టరు. బీయున్‌కి అన్నదమ్ములు లేరు. అందుకని ఆమె తల్లి తమ్ముడు హ్వోతూ మామయ్య తియెన్‌వే నుంచి వచ్చాడు.

అరవై దాటిన మనిషి. వీపు కొడవలిలా వంగి ఉంటుంది. నడుస్తుంటే నేల తప్ప కనబడదు. ఎవరి మొహమైనా చూడాలంటే మోకాళ్ళు వంచి ఒళ్ళంతా వెనక్కి వాల్చాలి. కుర్రతనంలో ఎరువు బస్తాలు మోసి అలా అయ్యాడని అందరూ అంటారు, బీయున్ కూడా అదే విన్నది. ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి, బల్ల అంచు పట్టుకుని, నడుము వంచకుండా ఒకేసారి కూలబడ్డాడు. పక్కన ఎవరో పలకరిస్తే మెడ తిప్పలేదు, కుర్చీతో సహా తిరిగాడు.

భుజాన పిల్లవాణ్ణి వేసుకుని, ఒక చేత్తో ఎర్రగుడ్ల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ బీయున్ ఆ తిరగడం చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. అది తన తిరగడమే. తొమ్మిదో రోజున మంచంలో తను దొర్లిన పద్ధతే. అచ్చం అదే.

ఈలోగా అగ్వే, పదమూడు రోజుల మౌనం వదిలి, బల్లలన్నిటికీ వినబడేలా అషున్ పిన్నితో అంటోంది. "ఏం చెప్పనమ్మా! పదిహేడు రోజులు బంగారంలా పట్టింది. గాలి సగం బయటికొచ్చేసింది. అప్పుడు లేచి తలంటుకుంది! ఇక మూడో బిడ్డని కంటే తప్ప మందు లేదు. మూడోసారి నేను గది బయట తాళం వేస్తాను."

"మూడోది మంచిదే," అంది అషున్ పిన్ని, నూనెన్నం నోట్లో పెట్టుకుంటూ.

బీయున్ పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకెన్ని కాన్పులయ్యాయి?"

బల్లంతా ఘొల్లున నవ్వింది. హ్వోతూ మామయ్య కూడా నవ్వాడు, నేలకేసి. "ఏంటే అది, నెల నిండేసరికి మతిపోయిందా?"

"మరి మీ నడుములో గాలి ఏ పురిట్లో దూరింది? చూడండి అందరూ. మామయ్య మెడ తిప్పలేరు, నేనూ తిప్పలేను. ఆయన మా అమ్మ తమ్ముడు. ఆయన ఏ తల రుద్దుకున్నారని ఇలా అయ్యారు?"

నవ్వులు ఆగిపోయాయి. ఒక్క క్షణం బీయున్‌కి గెలిచానేమో అనిపించింది. కున్‌మావ్ తల్లి వైపు చూస్తున్నాడు. అగ్వే మూతి తుడుచుకుంది.

"ఆయన్ని కన్నప్పుడు వాళ్ళమ్మ నెల సరిగ్గా పట్టి ఉండదు," అంది.

"అదీ నిజమే," అంది అషున్ పిన్ని.

"అవునవును," అన్నారు పక్క బల్లవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు తలలూపారు. ఎవరో గుడ్డు పెంకు ఒలుచుకున్నారు. తింటూ ఊపే ఆ తలలన్నీ చూస్తుంటే బీయున్‌కి ఇక అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. వీళ్ళకి ఎముకలు తీసి బల్ల మీద పరిచినా, అందులో గాలి ఎక్కడుందో వెతుకుతారు! పిల్లవాణ్ణి మొగుడి చేతిలో పెట్టి, "పట్టుకో, నేను తిరిగొస్తాను," అని టార్పాలిన్ దాటి తుంపరలో వీధిలోకి నడిచింది.

సందు మలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తుంటే ఎదురుగా హ్వోతూ మామయ్య. పెద్ద కుర్చీ వదిలేసి వచ్చేశాడు. ఆమె కాళ్ళు గుర్తుపట్టి ఆగాడు.

"అమ్మాయ్, పొద్దున లేవగానే నీక్కూడా చెక్కలా ఉంటుందా?"

"ఉంటుంది మామయ్యా."

"రాత్రి నాలుగింటికి పిరుదుల్లో పట్టేసి లేపుతుందా?"

"లేపేది. మీకూనా?"

"ఇరవై ఆరో ఏట నుంచి. ఎముకలు సరిచేసే ఆయన పడుకోమన్నాడు. బల్లచెక్క మీద పడుకుని కదలొద్దన్నాడు. పడుకున్నాను. తోట మా ఆవిడ చూసుకునేది. ముప్పై అయిదేళ్ళు పడుకున్నానే." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు ఈ తుంపరలో ఎందుకు తిరుగుతున్నావు?"

"ఈ జబ్బుకి కదిలితేనే మంచిది మామయ్యా. పడుకుంటే బిగుసుకుపోతుంది."

"కదిలితేనా?"

"అవును. డాక్టరు చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

బీయున్ జవాబు చెప్పబోయి ఆగింది. ఏటా కొత్త సంవత్సరం రెండో రోజున పుట్టింటివైపు వెళ్ళేది ఆయన ఇంటికే. ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన ఒలిచి పెట్టిన నారింజలు తిని, ఆ వీపు చూసి, పాపం బస్తాలు మోసిన వీపు అనుకుని లేచి వచ్చేది. తనది పురిటి జబ్బు. పురిటి సంగతులు మగవాళ్ళ ముందు ఎవరు ఎత్తుతారు? అందుకని తన నడుము గురించి ఆయన దగ్గర ఒక్క ముక్క మాట్లాడలేదు. అత్తగారి కథని అంతగా చీదరించుకున్న మనిషి, ఆ కథ గీసిన గీత మాత్రం ఒక్కసారీ దాటలేదు.

"ఎప్పుడే?"

"ఏడేళ్ళయింది మామయ్యా. ఆరున్నర... ఏడేళ్ళు."

హ్వోతూ మామయ్య తిట్టలేదు. గోడకి చెయ్యి ఆనించి, మోకాళ్ళు వంచి, ఒళ్ళంతా కొద్ది కొద్దిగా వెనక్కి వాల్చి, ఆమె మొహం చూడటానికి ప్రయత్నించాడు. గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది చూపు.

"ఏడేళ్ళ కిందట నాకింకా మెడ తిరిగేది కదే," అన్నాడు.

నెల రోజులుగా ఊరందరి మీదా పుట్టిన రోత మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగి బీయున్ మీదే పడింది. ఆయనకి తన మొహం కనబడాలని, తుంపరలో ఆ వీధి మధ్యనే మోకాళ్ళ మీద కూర్చుంది.